నేను వచ్చేదాకా ఆగమన్నాను

మా ఇంట్లో నా మాటకు విలువ రావడానికి నేను సైన్యంలో ఆఫీసరు కావాల్సి వచ్చింది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళూ నేను చెప్పిన ఏ మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు. టీవీ సౌండు తగ్గించమంటే తగ్గించేవారు కాదు. పులుసులో ఉప్పు ఎక్కువైందంటే "రేపటి సంది నువ్వే వండు" అనేది అమ్మ. ఆ ఇల్లే తరవాత నా మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించింది. పాటించకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మాది ఇబ్రహీంపట్నం. చేపలు పట్టే కుటుంబం. చెరువులో నీళ్ళున్న ఏడు బాపు తెప్ప మీద ఉండేవాడు, లేని ఏడు ఏ పని దొరికితే ఆ పనికి పోయేవాడు. ఆదిభట్లలో కంపెనీలు వచ్చాక అక్కడ ఒక గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. వచ్చీపోయే బస్సుల నంబర్లు రిజిస్టరులో రాయడం ఆయన పని. అమ్మ సాగర్ రోడ్డు పక్కన గంప పెట్టుకుని చేపలమ్మేది. పిల్లలం ఇద్దరమే, నేను, నాకంటే ఏడేళ్ళు చిన్నదైన చెల్లెలు.

చెల్లెలు అమ్మ కడుపులో ఉన్నప్పుడు, నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక అమ్మ దవాఖానకు వెంట తీసుకుపోయేది. అక్కడొక నర్సమ్మ ఉండేది. మహా కోపిష్టి. వరసలో నిలబడలేదని ఒకరిని, చీటీ తేలేదని ఇంకొకరిని, ఊరికే నిలబడ్డందుకు నన్ను కసిరేది. ఒకరోజు ఆమె అమ్మ పొట్ట మీద చిన్న గరాటాలాంటి పరికరం ఆనించి, దానికి చెవి పెట్టి చాలాసేపు వింది. ఏమనుకుందో, నన్ను పిలిచింది.

"దా పిల్లా, నువ్వు గూడ ఇను. నీ తమ్ముడో, చెల్లెనో."

చెవి పెట్టాను. చేపలను వల వైపు తరమడానికి బాపు తెప్ప అంచు మీద కర్రతో టకటకా కొట్టేవాడు. దూరంగా ఒడ్డు మీద నిలబడితే ఎలా వినిపించేదో అలా ఉంది. అది గుండె అని నర్సమ్మ చెప్పింది. పుట్టని మనిషి చప్పుడును నేను విన్నాను, మా అమ్మ కూడా వినలేదు. ఆ రోజు నుంచీ పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా నర్సునని చెప్పేదాన్ని. డాక్టరునని చెప్పాలమ్మా అని బడిలో సార్లు సరిదిద్దేవారు. నేను దిద్దుకోలేదు.

ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ నోటీసు బోర్డు మీద మిలిటరీ నర్సింగ్ ప్రకటన చూశాను. చదువు చెప్పి, యూనిఫాం ఇచ్చి, చివర్లో ఆఫీసరును చేస్తారట. ఇంటికి వచ్చి చెబితే బాపు వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అడిగాడు.

"మిలిటరీల ఆడివిల్లలు ఏం జేస్తరే? తుపాకులు వట్టుకుంటరా?"

"సూదులు వట్టుకుంటరు బాపు."

"అంటె దెబ్బలు తగిలినోళ్ళకు కట్లు గడ్తవన్నట్టు."

"పురుళ్ళు గూడ పోస్త. సిపాయిలకు పెళ్ళాలుండరా ఏంది?"

బాపు అప్పుడు తలెత్తి నవ్వాడు. "ఉంటరు, ఉంటరు. పో మరి."

రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటాను. మెడికల్ పరీక్షలో ఆగిపోయాను. రెండు చెవుల నిండా గుబిలి ఉంది, తీయించుకుని రమ్మని వెనక్కి పంపారు. చెవుల్లో గుబిలి ఉంటే దేశానికేమవుతుందని అమ్మ వారం రోజులు ఆ ఆఫీసర్లను తిట్టింది. రెండోసారి వెళ్ళి ఫిట్ అనిపించుకున్నాను. రైలెక్కేటప్పుడు చెల్లెలు నా దుపట్టా పట్టుకుని వదలనంది. దానికప్పుడు పదకొండేళ్ళు.

ఆ నాలుగేళ్ళ చదువు గురించి చెప్పాలంటే చాలా ఉంది. తెల్లారకముందే లేవడం, వరసలో నిలబడటం, మంచం మీద దుప్పటి ముడత పడితే తిట్లు తినడం. వచ్చీరాని హిందీలో నేను జ్వరమున్న జవానును "నాలుక చూపించు" అనబోయి ఇంకేదో అంటే వార్డంతా నవ్వింది. వాటన్నిటికీ అలవాటు పడ్డాను. కానీ నేను నిజంగా బతికింది లేబర్ రూములోనే. సైనికుల భార్యల కోసం ప్రతి పెద్ద సైనిక ఆసుపత్రిలోనూ ఒక ఫ్యామిలీ వార్డు ఉంటుంది. ఏ రాష్ట్రం ఆడవాళ్ళయినా అక్కడికే వస్తారు. భర్త ఎక్కడో సరిహద్దులో ఉంటాడు, ఫోను కలవదు. పక్కన అమ్మా ఉండదు, అత్తా ఉండదు. నొప్పులు పడేటప్పుడు వాళ్ళు పట్టుకునే చెయ్యి నాది. నా ముంజేతి మీద వాళ్ళ గోళ్ళ గాట్లు మానకముందే కొత్తవి పడేవి. బిడ్డ పుట్టాక ఆడో మగో మొదట చెప్పేది నేనే. ఆ మాట చెప్పడానికి నేను పుట్టానని అనుకునేదాన్ని.

మాకు లేబర్ రూములో పని నేర్పింది మేజర్ హోదాలో ఉన్న ఒక మలయాళీ సిస్టర్. ఆమె మొదట నేర్పింది చేతులు కట్టుకుని నిలబడటం. ప్రసవం దానంతటది సాగుతున్నప్పుడు దాని జోలికి పోవద్దనేది. తొందరపెట్టొద్దు, కొయ్యొద్దు, లాగొద్దు. అయితే ఊరికే నిలబడితే ఒప్పుకునేది కాదు. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని చార్టులో చుక్క పెట్టాలి. తల్లి బీపీ రాయాలి. చుక్క పక్కన చుక్క పడుతూ గీత సరిగ్గా సాగినంతసేపూ ఆగవచ్చు. గీత పక్కకు తిరిగిందా, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నేను ఓపిక లేని మనిషిని. అక్కడే ఓపిక నేర్చుకున్నాను. నాకు ఓపిక వచ్చిందన్న పొగరు కూడా అక్కడే వచ్చింది.

భుజాల మీద రెండేసి నక్షత్రాలు పెట్టించుకుని లెఫ్టినెంట్‌నయ్యాక మొదటి సెలవుకు ఇంటికి వచ్చాను. యూనిఫాం వేసుకుని తన గేటు దగ్గరకు రమ్మని బాపు బతిమాలాడు. సెలవులో వేసుకోకూడదని చెప్పి పంజాబీ డ్రెస్సులోనే వెళ్ళాను. అక్కడ బాపు పైన ఒక సూపర్‌వైజరు ఉండేవాడు, పాత హవల్దారు. బూట్లకు పాలిష్ లేదని బాపును రోజూ అందరి ముందూ నిలబెట్టే మనిషి. నేనెవరో బాపు చెప్పగానే ఆయన మడమలు కలిపి, నిటారుగా నిలబడి, "జైహింద్ మేడం" అని సెల్యూట్ కొట్టాడు. బాపు చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఒక బస్సు నంబరు రాయకుండానే లోపలికి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను ఏదో చెప్పబోతుంటే బాపు తనే లేచి టీవీ ఆపాడు. "మేడం మాట్లాడుతుంది, జర ఆగుండ్రి" అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. అప్పటి నుంచి ఇంట్లో ఏ మందు వేసుకోవాలన్నా, ఏ కూర మానాలన్నా ఫోను నాకే. వాడకట్టులో వాళ్ళు కూడా రిపోర్టులు పట్టుకుని వచ్చేవారు. మా పెద్దబిడ్డ మిలిటరీల డాక్టర్ అని అమ్మ అందరికీ చెప్పేది. నర్సునమ్మా అంటే "గదే" అనేది. నాకు మస్తు సంబరంగా ఉండేది. దాచుకోవడమెందుకు, బాగా సంబరంగా ఉండేది.

నేను కెప్టెన్‌నయ్యేసరికి చెల్లెలి పెళ్ళయింది. ఆదిభట్లలోనే ఒక కంపెనీలో వైర్లు అతికే పని చేసేది. అక్కడి కంపెనీ బస్సు డ్రైవరును ఇష్టపడి చేసుకుంది. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. బడంగ్‌పేట్‌లో కాపురం. మరుసటి ఏడే నెల తప్పింది. ఏడో నెలలో కాన్పుకు మా ఇంటికి తీసుకొచ్చారు. నేను ఉత్తరాదిన, రెండు రోజుల రైలు ప్రయాణం దూరంలో ఉన్నాను. పురుటికి సెలవు ముందే అడిగి పెట్టుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఫోను చేసింది.

"పిల్ల అత్తగారోళ్ళు అయ్యగారిని అడిగిండ్రంట బిడ్డా. వచ్చే నెల మంచి నక్షత్రం ఉన్నదంట. గప్పుడు ఆపరేషన్ జేయిస్తే పుట్టేటోనికి జాతకం మంచిగుంటదంటున్నరు. ప్రైవేటు దవాఖానోళ్ళు గూడ సరే అన్నరంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఇది చూస్తూనే ఉన్నాను. నొప్పులు రాకముందే అయ్యగారు టైము పెడతాడు, ఆ టైముకు కత్తి పెడతారు. నేను ఇన్నేళ్ళు చేతులు కట్టుకుని నేర్చుకున్నదంతా నా ఇంట్లోనే గాలికి పోతుందా అనిపించింది. ఫోను స్పీకరులో పెట్టమన్నాను. అందరూ ఉన్నారా అని అడిగి మరీ చెప్పాను.

"కోతలు గీతలు ఏం లెవ్వు. నేను లీవ్ వెట్టిన. నేను వచ్చేదాంక ఆగుండ్రి. నేను వచ్చి చూడంది ఏ దవాఖానకు పోవద్దు. ఎవ్వలేం జెప్పినా ఇనొద్దు."

"అట్లనే మేడం" అన్నాడు బాపు.

నేను చెప్పింది ఆపరేషన్ గురించి. కానీ నా నోటి నుంచి వచ్చిన మాటలు మాత్రం అవే. వార్డులో కింది స్టాఫుకు చెప్పే గొంతుతో చెప్పాను. మా ఇంట్లోవాళ్ళకు ఆ గొంతు ఎంత బరువుగా తగులుతుందో ఆలోచించలేదు.

రెండు వారాల తరవాత చెల్లెలితో మాట్లాడాను.

"కాళ్ళు జర వాచినయ్ అక్క."

"ఆఖరి నెలల్లో వాస్తయ్‌లే. కాళ్ళ కింద మెత్త వెట్టుకో. బీపీ చూయించుకున్నవా?"

"చూయించిన. మంచిగనె ఉందన్నరు."

సరే అన్నాను. ఎప్పుడు చూయించుకున్నావని అడగలేదు. రెండు పదాల ప్రశ్న. వార్డులో అపరిచితురాలైన ఏ ఆడమనిషినైనా అడిగి, తేదీ రాసుకుని, అబద్ధమేమోనని మళ్ళీ అడిగేదాన్ని. సొంత చెల్లెలిని అడగలేదు. అది చూపించుకున్నది నా ఫోనుకు ముందు. నేను వద్దన్నాక నెలవారీ పరీక్షకు కూడా దాన్ని తీసుకుపోలేదు.

నా సెలవు మొదలయ్యే రోజుకు నాతో పనిచేసే సిస్టరుకు డెంగీ వచ్చింది. వార్డులో మనుషులు లేక నా సెలవు నాలుగు రోజులు వెనక్కి జరిగింది. నాలుగు రోజులు లేటయితదని ఇంటికి చెప్పాను. అప్పుడైనా ఎలా ఉందని సరిగ్గా అడగాల్సింది. ఆ నాలుగు రోజుల్లోనే చెల్లెలికి తలనొప్పి మొదలైంది. కళ్ళ ముందు మెరుపుల్లాగా వస్తున్నాయంది. అమ్మ బామ్ రాసి, నీరసమని రాగి జావ తాగించింది. నాకు చెప్పలేదు. డ్యూటీల ఉన్న పిల్లను పరేషాన్ చెయ్యొద్దని బాపు చెప్పాడట. ఆశ వర్కరు ఇంటికి వచ్చి, దాని ముఖం చూసి, ఇప్పుడే దవాఖానకు నడవమంది. అమ్మ ఆమెకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, "మా పెద్దబిడ్డ ఎల్లుండి వస్తున్నది. గామె చూసి చెప్తది" అంది. ఆశ వర్కరు కూడా, మిలిటరీ మేడం వస్తున్నదంటే ఇంక తానేం చెప్పాలని, చాయ్ తాగి వెళ్ళిపోయింది. ఆమెను నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

నేను దిగేసరికి పొద్దున తొమ్మిదయింది. వాకిట్లోనే చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. ముఖం ఎంత ఉబ్బిందంటే కళ్ళు సగమే తెరుచుకున్నాయి. నేను బ్యాగు కూడా దించకుండా అందులోంచి బీపీ మిషను తీశాను. ముల్లు ఎంత పైన ఆగిందో చూసి, నమ్మలేక మళ్ళీ కట్టి మళ్ళీ చూశాను. దాన్ని పడుకోబెట్టి పొట్ట మీద చెవి పెట్టాను. ఒకచోట, ఇంకోచోట, కిందికి, పక్కకు. అమ్మ పక్కనే నిలబడి "మంచిగుండా?" అని అడుగుతోంది. నాకు ఏమీ వినిపించలేదు.

అంబులెన్సులో నగరానికి వెళ్ళే దారిలో దానికి ఫిట్స్ వచ్చాయి. పక్కకు తిప్పి పట్టుకున్నాను. నా చేతులు వాటి పని అవి చేశాయి. పెద్దాసుపత్రిలో ఎవరూ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. దాన్ని బతికించారు. బిడ్డ అప్పటికే పోయి ఒక రోజయి ఉంటుందన్నారు. మగపిల్లాడు.

ఒక కుర్ర డాక్టరమ్మ బయటికి వచ్చి మమ్మల్ని అడిగింది, కోపంగానే. "ఇన్ని రోజులు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు? మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరా?"

బాపు నా వైపు చూడలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనే చెప్పాను, నేను నర్సునని. ప్రసూతి వార్డులో పనిచేస్తానని. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

సాయంత్రం బాపు నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర పాత హవల్దారుకు రిపోర్టు ఇచ్చే గొంతుతో చెప్పాడు.

"నీ మాట మీదనే ఉన్నం బిడ్డా. పిల్లను ఒక్క అడుగు గూడ బయట వెట్టనియ్యలె."

ఆయన నన్ను నిందించడం లేదు. తన తప్పేమీ లేదని చెప్పుకోవడమూ లేదు. తనకు అప్పగించిన పని సరిగ్గా చేశానని నాకు ధైర్యం చెబుతున్నాడు. ఆ మాట విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు.

సెలవు అయిపోగానే డ్యూటీకి వచ్చేశాను. లేబర్ రూము మార్చమని అడుగుదామని దరఖాస్తు రాసి, చించేశాను. అక్కడ తప్ప నాకు ఇంకెక్కడా పని రాదు. ఇప్పుడూ చేతులు కట్టుకునే నిలబడతాను, చార్టులో చుక్కలు పెడతాను. ఒక్కటి మాత్రం బాగా తెలిసింది. మేము వార్డులో ఆగుతున్నామంటే పక్కన చూసే మనిషి ఉందని అర్థం. నేను మా ఇంటివాళ్ళను ఆగమన్నాను, చూసే మనిషిని మాత్రం రెండు రోజుల రైలు దూరంలో ఉంచాను. పేషెంట్లను బీపీ ఎప్పుడు చూయించుకున్నావు, ఏ తారీకు అని ఇప్పుడు నేను ఎంత గట్టిగా అడుగుతానంటే కొందరు భయపడతారు. జూనియర్లు నన్ను వెనక ఏమంటారో నాకు తెలుసు. అననీ.

చెల్లెలు నన్ను ఒక్కమాట అనలేదు. పండగకు ఫోను చేసేది, తిన్నావా అక్క అని అడిగేది. నేను కూడా అది ఎలా ఉందని తప్ప ఇంకేమీ అడిగేదాన్ని కాదు. రెండేళ్ళు అలాగే గడిచాయి.

మొన్న ఒక ఆదివారం బాపుతో మాట్లాడుతుంటే వెనక నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎవరి పిల్ల అని అడిగాను. బాపు తడబడి, ఫోను అమ్మకిచ్చాడు. అమ్మ ఏదో గొణిగి చెల్లెలికిచ్చింది.

"ఆడపిల్లక్క" అంది చెల్లెలు. "మూడు రోజులైంది. ఆపరేషన్ అయింది."

"నొప్పులు రాలేదా?"

"రాకముందే చేయించుకున్న. అత్త అయ్యగారిని అడిగొచ్చింది, గా టైముకు."

పిల్ల బరువు అడిగాను, చెప్పింది. పాలు తాగుతోందా అని అడిగాను, తాగుతోందంది. దాని బీపీ అడిగాను. తారీకుతో సహా చెప్పింది. ఇంక అడగడానికేమీ మిగల్లేదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చేసింది.

"తొమ్మిది నెలలు నాకెందుకు చెప్పలేదే? నా మీద గంత కోపమా?"

"కోపం గాదక్క" అంది. పిల్లను భుజం మార్చుకున్న అలికిడి వినిపించింది. "నువ్వు ఆగుమంటె నేను మళ్ళ గూడ ఆగుత. నాకు ఎరికే. గందుకే చెప్పలె."

"మంచిగ చేసినవ్" అన్నాను.